మూల నిలబడినవాడు

మార్లో ఫెర్రీ, అయోవా
1922 ఏప్రిల్ 9

థెక్లా వదినకి ఓర్ఫా రాసేది,

మీ తమ్ముడు కొత్త కెమెరా కొన్నాడు. కొత్తదంటే ఆయనకి కొత్త. అంతకుముందు దాన్ని వాడినాయన కిందటేడు డుబ్యూక్‌లో పోయాడు. దాని ఫిల్ము పన్నెండు అంగుళాల ఎత్తు, ఇరవై అంగుళాల పొడుగు. చిన్న ఫిల్ము తీసి పెద్ద బొమ్మ చేసుకోవడం కాదట, ఫిల్ము ఎంతో బొమ్మా అంతే. విందుల్లో, సభల్లో వంద మందిని వరసగా కూర్చోబెట్టి తీస్తారే, ఆ రకం. దాన్ని ఇంట్లోకి తేవడానికి తలుపు ఊడదీశాం. మళ్ళీ బిగించడానికి ఆయనకి ఇంకా తీరిక దొరకలేదు.

కెమెరాతో లెన్సు రాలేదు. లెన్సు విడిగా ఇంకో వేలంలో పట్టుకొచ్చాడు. ఇత్తడిది, కుండంత ఉంది. పొద్దున్న లేచి తన మొహం కడుక్కోక ముందే దాని మొహం తుడుస్తున్నాడు. "చూశావా ఓర్ఫా, ఈ బరువు? దీంతో తీస్తే ఊరు ఊరంతా పడుతుంది" అంటున్నాడు. పైన పటారం, లోన లొటారం కాకుండా ఉంటే చాలని నా మొక్కు.

పందొమ్మిదేళ్ళుగా మీరు లెన్సుల కార్ఖానాలో గాజు పరీక్ష చేసే బల్ల ముందు కూర్చున్నారు. అందుకని మీ తమ్ముడికి తెలియకుండా అడుగుతున్నాను. ఈ లెన్సు అంత పొడుగు ఫిల్ముని నింపుతుందా? చివర మూలలదాకా వస్తుందా? జూన్ పద్నాలుగున మా ఊళ్ళో అంతర్యుద్ధంలో పోరాడిన ముసలి సైనికుల కలయిక ఉంది. వాళ్ళూ, పిల్లలూ, మనవలూ కలిపి నూట నలభై మంది. అందరినీ ఒక్క బొమ్మలో తీస్తానని మాటిచ్చేశాడు. మధ్యలో ఎలా వచ్చినా ఫరవాలేదు, మూలల సంగతి చెప్పండి.

ఓర్ఫా

*

రోచెస్టర్, న్యూయార్క్
ఏప్రిల్ 17

మరదలా,

బరువు చూసి కొనేవాడు గుమ్మడికాయ కొనుక్కోవాలి, లెన్సు కాదు. నా బల్ల మీద సిరాబుడ్డంత లెన్సు ఉంది, గోడంత ఫిల్ముని నింపుతుంది. పాల తపేలా అంత లెన్సూ ఉంది, దానికి పోస్టుకార్డు దాటి చూపు ఆనదు. ఈ మాట వాడికి పన్నెండేళ్ళప్పుడు ఒకసారి చెప్పాను, పెళ్ళప్పుడు ఒకసారి చెప్పాను. నాకు ఓపిక ఉంది, వాడికి చెవులు లేవు.

నీకు అర్థమయ్యేలా చెబుతాను. ఏ లెన్సయినా వెలుగుని గుండ్రంగానే పరుస్తుంది. పెనం మీద పోసిన అట్టు అనుకో. మీ ఫిల్ము పొడుగాటి చెక్క. ఆ చెక్కని అట్టు మీద పెడితే నాలుగు మూలలూ అట్టు లోపలే ఉండాలి. ఒక మూల నుంచి ఎదురు మూలకి కొలిస్తే ఇరవై మూడు అంగుళాల పైచిలుకు. అట్టు అంతకన్నా పెద్దదైతే సరే. చిన్నదైతే మధ్యలోవాళ్ళు వెలుగులో ఉంటారు, చివరివాళ్ళు చీకట్లో ఉంటారు. ఇది ఏ ఊళ్ళోనైనా జరిగేదే కదా అనకు, ఇక్కడ నేను చెప్పేది గాజు గురించి.

పరీక్ష సులువు. కెమెరా వెనక గరుకు అద్దం ఉంటుంది, బొమ్మ దాని మీద తలకిందులుగా పడుతుంది. దాని నాలుగు మూలలూ కోసేసి ఉంటాయి. ఎలుకలు కొరికాయనుకోకు, కావాలనే కోస్తారు. ఆ కోసిన సందులో కన్ను పెట్టి లోపలి లెన్సు కంత వైపు చూడు. గుండ్రంగా కనిపిస్తే ఆ మూలకి వెలుగు చేరుతున్నట్టు. గుమ్మడి గింజలా సన్నగా కనిపిస్తే చేరనట్టు.

నా దగ్గర ఒక లెన్సు ఉంది. గాజులో రెండు బుడగలున్నాయని మావాళ్ళు పక్కన పడేస్తే నాకిచ్చారు. బుడగలు బొమ్మలో పడవు. దాని అట్టు ముప్ఫై అంగుళాలు. దాంతో తీయాలంటే కాస్త వెనక్కి జరగాలి, అంతే. కావాలంటే పంపిస్తాను.

థెక్లా

*

మార్లో ఫెర్రీ
మే 2

వదినా,

పరీక్ష అయింది. గెలిచాం.

మొదట మీ తమ్ముడు చూసి "పున్నమి చంద్రుడే" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు కదా, అందుకని ఆయన్ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి నల్లగుడ్డ నేను కప్పుకున్నాను. ఆయన మీసం గరుకు అద్దం మీద తలకిందులుగా పడింది. అలా చూస్తే నిజం చెప్పొద్దూ, కాస్త నయంగానే ఉన్నాడు. మీరు చెప్పినట్టు నాలుగు మూలల సందుల్లోనూ కన్ను పెట్టాను. నాలుగింట్లోనూ కంత గుండ్రంగా ఉంది. గింజా లేదు, తొక్కా లేదు. అద్దం ఈ చివర నుంచి ఆ చివరదాకా తెల్లగా వెలిగింది.

కాబట్టి మీ లెన్సు అక్కర్లేదు. ఇస్తానన్నందుకు కృతజ్ఞతలు. నా మనసు కుదుటపడింది.

ఓర్ఫా

(అక్కా, నీ ఉత్తరాలు నాకు దొరకవనుకున్నావా? బుడగల గాజు నీ దగ్గరే ఉంచుకో, బఠాణీలు నానబోసుకో. బల్ల ముందు కూర్చుని గాజు చూడటం వేరు, బయట నిలబడి మనుషుల్ని తీయడం వేరు. లాంబర్ట్)

*

రోచెస్టర్
మే 12

మరదలా,

గుండ్రంగా కనిపిస్తే గుండ్రంగానే ఉన్నట్టు. ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. ఇది వాడికి చదివి వినిపించకు, ఉబ్బిపోతే వాడి కోసం తలుపు మళ్ళీ ఊడదీయాల్సి వస్తుంది.

ఒక్క మాట. నా దగ్గరకి ఫొటోలవాళ్ళు వస్తారు, వాళ్ళ పెళ్ళాలూ వస్తారు. అందరూ మధ్యలో ఎలా పడుతుందనే అడుగుతారు. మేయరు మధ్యలోనే కూర్చుంటాడు, డబ్బిచ్చేవాడూ మధ్యలోనే కూర్చుంటాడు. మధ్య ఎలా వచ్చినా ఫరవాలేదన్న మనిషిని నిన్నే చూశాను. నీ రెండు ఉత్తరాల్లోనూ మూల, మూల అని జపం. ఎవరమ్మా ఆ మూలలో?

థెక్లా

*

మార్లో ఫెర్రీ
జూన్ 10

వదినా,

మీ కంటికి గాజులో బుడగే కాదు, మనిషిలో బుడగ కూడా కనిపిస్తుంది. చెప్పేస్తాను.

ఆ మూలలో మా నాన్న.

మా నాన్న లెమ్యుయెల్ టిస్‌డేల్ మీకు తెలుసు. మా పెళ్ళిలో ఎవరితోనూ మాట్లాడకుండా గుర్రాల దగ్గర నిలబడ్డాడే, ఆయన. పదిహేడేళ్ళప్పుడు యుద్ధానికి వెళ్ళాడు. మొదటి కాల్పులకే తుపాకి పారేసి పరుగెత్తాడు. మళ్ళీ తనంతట తనే తిరిగొచ్చాడు. సైన్యం వేసిన శిక్ష అనుభవించాడు, యుద్ధం అయ్యేదాకా ఉన్నాడు, తర్వాత రెండుసార్లు గాయపడ్డాడు. అది ఎవరికీ గుర్తు లేదు. పరుగెత్తిన పూటే గుర్తుంది.

నలభై ఏళ్ళుగా ఏటా కలయిక జరుగుతోంది. ఏటా వెళతాడు. అందరితో కలిసి భోజనం చేస్తాడు, ప్రార్థనలో తల వంచుతాడు. బొమ్మ తీసే వేళకి మాత్రం ఎవరూ చెప్పకుండానే లేచి గుర్రాలు పట్టుకోవడానికి వెళ్ళిపోతాడు. అది ఆచారమైపోయింది. ఇప్పుడు గుర్రాలు లేవు, అందరూ కార్లలో వస్తున్నారు. మా నాన్న వెళ్ళి కార్లకి కాపలా ఉంటున్నాడు, అవేవో బెదిరి పరుగెడతాయన్నట్టు. చిన్నప్పుడు ఆ బొమ్మల్లో మా నాన్న ఎక్కడని వెతికేదాన్ని. మా అమ్మ "అందులో పట్టలేదే" అనేది.

నాన్న కాక ఇప్పుడు మిగిలింది ఇరవై ముగ్గురు. ఈ వసంతంలో చేతులెత్తి ఓటు వేశారు. పన్నెండు మంది నాన్నని బొమ్మలోకి రానిద్దామన్నారు, పదకొండు మంది వద్దన్నారు. కర్నల్ ప్రూయిట్ వద్దన్నవాళ్ళలో ఒకడు. ఆయన యుద్ధంలో కర్నలేం కాదు, మిగతా కర్నళ్ళందరూ పోయాక అయ్యాడు. సరే రానిద్దాం, కానీ కుర్చీ లేదు, వరస చివర, కుడి మూల నిలబడాలి అని షరతు పెట్టాడు. మా నాన్న సరేనన్నాడు. మూడు వారాలుగా కోటు తీసి బ్రష్షు చేసి మళ్ళీ తగిలిస్తున్నాడు. నిన్న అడిగాడు, "ఓర్ఫా, ఎంతసేపు కదలకూడదే?" అని. రెండు సెకన్లు నాన్నా అన్నాను. వెళ్ళి పెరట్లో నిలబడి నోట్లో లెక్కపెట్టుకుంటున్నాడు.

డెబ్భై ఆరేళ్ళు. ఇంకో ఓటు చూడడు. అందుకే మూలల గొడవ. ఆ పూట సందులో కంత గుండ్రంగా కనిపించగానే నల్లగుడ్డ కిందే ఏడ్చేశాను. మీ తమ్ముడు "తెములు, మెడ పట్టేస్తోంది" అని అరుస్తున్నాడు. ఆయన అవస్థ ఆయనది. మా స్టూడియో గది సంగతి తెలుసుగా, జీనుల కొట్టు వెనక సందు. లెన్సుకీ ఫిల్ముకీ మధ్య ఉండే తోలుతిత్తి సాగదీస్తే గది నిండిపోయింది. ఇక మిగిలింది నాలుగడుగుల జాగా. అందులో గోడకీ లెన్సుకీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు పాపం.

ఓర్ఫా

*

రోచెస్టర్
జూన్ 13, సాయంత్రం

ఓర్ఫా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. చదివి తంతి ఆఫీసుకి పరుగెత్తి స్టూడియో పేరున తంతి కొట్టాను. ఈ ఉత్తరం అందేసరికి అంతా అయిపోయి ఉంటుంది. అయినా రాస్తున్నాను.

నాలుగడుగుల దూరం అన్నావు. తప్పు నాది, ఎంత దూరంలో పెట్టి చూశారని అడగనే లేదు. దగ్గరి మనిషిని చూడాలంటే లెన్సుని ఫిల్ముకి దూరంగా లాగాలి. అందుకే మీ తిత్తి గదంతా నిండింది. లెన్సు దూరం జరిగితే అట్టు పెద్దదవుతుంది. దీపాన్ని గోడకి దూరం జరిపితే గోడ మీద వెలుగు పెద్దదయినట్టు. అదే లెన్సుని నలభై అడుగుల దూరంలో ఉన్న జనం మీదికి తిప్పితే తిత్తి ముడుచుకుంటుంది, దాంతోపాటు అట్టూ ముడుచుకుంటుంది. లాంబర్ట్ మీసానికి సరిపోయిన వెలుగు నూట నలభై మందికి సరిపోదు. అనుభవమున్నవాళ్ళు కూడా ఇరుకు గదిలో ఇలాగే మోసపోతారు.

తంతిలో ఇలా కొట్టాను: "గది పరీక్ష చెల్లదు. చివర్లు చీకటి. తీయక తప్పకపోతే అందరినీ మధ్యకి జరుపు." పావుగంట పని. కుర్చీలు దగ్గరకి లాగి ఇంకో వరస వేస్తే చాలు. వాడు అంత మాత్రం చేస్తాడు.

థెక్లా

*

మార్లో ఫెర్రీ
జూన్ 29

వదినగారికి,

మీ ఉత్తరం పదిహేడున అందింది. ఆలస్యమైనా మీ శ్రమకి కృతజ్ఞతలు. అయితే మీ భయం అనవసరం. లెన్సు బాగానే పనిచేసింది. బొమ్మ నకలు ఒకటి విడిగా పంపుతున్నాను, చూసుకోండి. కర్నల్ గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

లెన్సు పనిచేసింది, మా నాన్నే పనిచేయలేదు. కదిలాడు. రెండు సెకన్లు నిలబడలేకపోయాడు. కదిలిన మనిషి ఫిల్ము మీద నిలవడని మీ తమ్ముడు చెప్పాడు. పక్కన కూర్చున్న చర్చి డీకన్ కుర్చీ మీద వేసిన చెయ్యి ఒక్కటీ పడింది. ఆ చెయ్యి అవతల మనిషి లేడు, అంతా నలుపు. బొమ్మని ముసలి సైనికుల హాల్లో తగిలించిన రోజు కర్నల్ ప్రూయిట్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మేం వేసిన ఓటు తప్పని దేవుడు దిద్దాడు" అన్నాడు. ఎవరో వెనకనుంచి "టిస్‌డేల్ ఈసారి చెయ్యి పారేసి పరిగెత్తాడ్రా" అన్నారు. హాలంతా నవ్వు. పిల్లలు కూడా నవ్వారు. ఊళ్ళో ఇప్పుడు ఎవరైనా పనికి డుమ్మా కొడితే "టిస్‌డేల్ బొమ్మ దిగాడు" అంటున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి నాన్నని నిలబెట్టి కడిగేశాను. "నలభై ఏళ్ళు ఎదురుచూసి రెండు సెకన్లు నిలబడలేవా? పెరట్లో లెక్కపెట్టింది ఇందుకా?" అని అడిగాను. కదల్లేదని అంటాడేమో, కనీసం కోప్పడతాడేమో అని చూశాను. ఏమన్నాడో తెలుసా?

"నిలబడ్డాననే అనుకున్నానమ్మా. కానీ నా కాళ్ళని నేను నమ్మను" అన్నాడు.

కోటు తీసి పెట్టెలో పెట్టేశాడు. హాలుకి వెళ్ళడం మానేశాడు. మనుషులకీ మీ లెన్సులకీ తేడా ఏమిటంటే, మనుషుల్ని ముందుగా పరీక్షించే సందు ఎక్కడా ఉండదు. మీరన్న ఆ తంతి ఏదో మాకు అందలేదు.

ఓర్ఫా

*

రోచెస్టర్
జులై 8

ఓర్ఫా,

బొమ్మ వచ్చింది. నా బల్ల మీద పరిచాను. పందొమ్మిదేళ్ళలో నాకు అలవాటైన పని ఒకటే, ఏదైనా కొలవకుండా నమ్మకపోవడం. కొలిచాను.

మీ ఫిల్ము ఇరవై అంగుళాలు. ఈ బొమ్మ పదిహేడున్నర. మిగతా రెండున్నర అంగుళాలు ఎక్కడికి పోయాయి? కుడి వైపు అంచు ఫిల్ము అంచే. ఎడమ వైపు కత్తెర పడింది. ఆ వైపు ఏముందో, దాన్ని ఎందుకు కోశాడో మీ ఆయన్ని అడుగు. కుడి వైపు కోయలేకపోయాడు, కోస్తే కత్తెర డీకన్ చెవిదాకా వస్తుంది.

ఇక మీ నాన్న. చెయ్యి అక్కడే ఉంది, అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి, ఉంగరం కూడా కనిపిస్తోంది. చెయ్యి కదలకుండా మనిషి ఎలా పరుగెత్తాడే, పిచ్చిదానా? ఆయన కదిలి ఉంటే ఆయన వెనకున్న చెట్టు పడాలి కదా. చెట్టూ లేదు. పైన ఆకాశం కూడా లేదు. మీ నాన్న పోతూ పోతూ ఆకాశాన్ని కూడా వెంటబెట్టుకు పోయాడా? ఆ ఊళ్ళో నూట నలభై మంది ఈ బొమ్మ చూశారు కదా, ఒక్కడికి కూడా ఈ అనుమానం రాలేదా? రాదు. పారిపోయేవాడని ముందే తెలిసినవాడు పారిపోయాడంటే ఇంకేం చూస్తారు.

నన్ను నమ్మొద్దు. మీ గుడ్డలుతికే తొట్టి తెచ్చి బొమ్మ మీద బోర్లించు. నలుపు మొదలయ్యే అంచుకి తొట్టి అంచు ఆనించు. మనిషి పరుగెత్తిన గుర్తు ఎలా ఉంటుందో నాకు తెలియదు గాని, ఇంత చక్కటి వంపు తిరిగి మాత్రం ఉండదు.

తంతి అందలేదన్నావు. ఇక్కడి తంతి ఆఫీసులో అడిగాను. పద్నాలుగు ఉదయం ఎనిమిదింటికి మార్లో ఫెర్రీలో చేత్తో అందించినట్టు సంతకం ఉంది. ఎవరి సంతకమో నువ్వే చూసుకో. వాణ్ణి పెంచినదాన్ని నేనే, ఇంతకన్నా ఎక్కువ రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

థెక్లా

*

మార్లో ఫెర్రీ
జులై 14

వదినా,

తొట్టి బోర్లించాను. పైనుంచి కిందిదాకా సరిగ్గా కూర్చుంది.

తంతి ఆయన ఆదివారం చొక్కా జేబులో ఉంది. ఉతకడానికి తీస్తే దొరికింది. నాలుగు మడతలు పెట్టి దాచాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగింది, కానీ గిన్నె మాత్రం నాతోనే కడిగించింది.

అడిగాను. మొదట ఆ లెన్సు అమ్మినవాణ్ణి తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. తర్వాత మబ్బుని తిట్టాడు. మబ్బు పట్టిందని లెన్సు కంత పెద్దది చేశాడట, దాంతో చివర్లు మరీ నల్లబడ్డాయట. ఆ తర్వాత ఏడ్చాడు. "కుర్చీలు వేసేశారు ఓర్ఫా, అందరూ కూర్చున్నారు. కర్నల్ గడియారం చూస్తున్నాడు. లెన్సు చాలదు, జరగండి అని అంతమంది ముందు ఎలా చెప్పను? గుండ్రంగా కనిపించిందిగా, ఏమో వచ్చేస్తుందేమో అనుకున్నా" అన్నాడు. బొమ్మ కడిగాక మూల నలుపు చూసి చెమటలు పట్టాయట. అప్పుడు కర్నల్ వచ్చి ఇదేమిటన్నాడట. నోటికి అందిన మాట అనేశాడట. "ముసలాయన కదిలాడు" అని. ఎవరూ ఎదురు అడగలేదట. "అంత సులువుగా నమ్మేస్తారని నాకేం తెలుసు?" అని నన్నడుగుతున్నాడు.

సులువుగా నమ్మినవాళ్ళలో నేనూ ఉన్నాను వదినా. కన్న కూతుర్ని. తొట్టి మోసేదాకా నాకూ తోచలేదు. ఆ ముసలాయన్ని నిలబెట్టి తిట్టాను, ఆయన తన కాళ్ళనే అనుమానించుకున్నాడు. ఈ పాపం ఎన్ని తొట్ల నీళ్ళతో కడిగితే పోతుంది?

ఓర్ఫా

*

రోచెస్టర్
జులై 20

ఓర్ఫా,

ఏడవడం తర్వాత. ముందు ఆ ఫిల్ముని నీ పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. బొమ్మని కోయొచ్చు, ఫిల్ముని కోసి ఉండడు, దాన్ని కోసేంత ధైర్యం వాడికి లేదు. ఎడమ చివర ఏముందో అందులో ఉంటుంది.

అబద్ధం హాల్లో పుట్టింది, హాల్లోనే చావాలి. వాడు తన నోటితో చెప్పాలి. నువ్వు పక్కన ఉండు, కానీ వాడి మాటలు నువ్వు అందుకోకు. చిన్నప్పుడు ఏ సీసా పగలగొట్టినా నేనే "పిల్లి" అని చెప్పి కాపాడాను. వాడు పెరిగి పెద్దవాడయ్యాడు, పిల్లి మారింది, అంతే.

బుడగల లెన్సు మంగళవారం రైల్లో వేస్తాను. ఈసారి వద్దంటే దాంతో వాడి నెత్తి మీద కొట్టు, బరువు చాలకపోయినా.

థెక్లా

*

మార్లో ఫెర్రీ
ఆగస్టు 5

వదినా,

నిన్న శుక్రవారం ముసలి సైనికుల నెలవారీ సమావేశం. మీ తమ్ముడు ఒప్పుకున్నాడు. గడ్డం గీసుకున్నాడు, కాలరు పెట్టుకున్నాడు. చెప్పబోయే మాటలు దారంతా వల్లెవేశాడు. నాన్నని బతిమాలి తీసుకొచ్చాను. ఎందుకో చెప్పలేదు. ముగ్గురం హాలు మెట్లదాకా వెళ్ళాం. అక్కడ మీ తమ్ముడు ఆగి జేబులు తడుముకున్నాడు. "కెమెరా స్టాండు కాలి మర ఇంటి దగ్గర మర్చిపోయాను, చిటికెలో వస్తా" అన్నాడు. కెమెరా తేనే లేదు వదినా, దాని కాలికి మర ఎందుకు? ఆ మనిషి వీధి మలుపు తిరిగాడు. అయిదు నిమిషాల్లో స్టేషన్‌లో రైలు కూత వినపడింది.

లోపలికి వెళ్ళాను. ఆయన మాటలు అందుకోవద్దన్నారు మీరు. అందుకోవడానికి ఆయన ఒక్కటీ అననే లేదు. ఆడదానికి అక్కడ మాట్లాడే హక్కు లేదు, కాఫీ పోసే హక్కుంది. కాఫీ పోసేసి, కూజా కింద పెట్టి, ఫిల్ము తీసి కిటికీకి ఆనించి పట్టుకున్నాను. ఫిల్ము మీద అంతా తారుమారు కదా, బొమ్మలో నలుపు ఇందులో తెలుపు. కుడి మూల మా నాన్న ఉండాల్సిన చోట ఉత్త కిటికీ గాజులా ఉంది, వంపు తిరిగి. ఎడమ చివర కూడా అలాగే వంపు తిరిగి ఉంది. ఆ చివర కంచె పక్కన కర్నల్ ప్రూయిట్ కారు ఆపి ఉంది. ముందు చక్రం పడింది, వెనక భాగమంతా లేదు. మీ తమ్ముడు కత్తెరేసింది దానికే.

"కర్నల్ గారూ, ఆ పూట మీ కారు కూడా పారిపోయిందా?" అన్నాను.

ఆయన దగ్గరికొచ్చి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. "కారు కదల్లేదు, తాళం నా జేబులోనే ఉంది" అన్నాడు, నేను కారు దొంగతనం మోపినట్టు. మీరు చెప్పినట్టే అట్టూ, చెక్కా అని అందరికీ చెప్పాను. లెన్సు చిన్నది, మా ఆయనకి ముందే తెలుసు, తెలిసి అబద్ధమాడాడు అని చెప్పాను. తంతి చేతికిచ్చాను. ఒకరి చేతిలోంచి ఒకరికి ఇరవై ముగ్గురి చేతుల్లోకీ వెళ్ళింది. ఎవరూ నవ్వలేదు. డీకన్ మాత్రం తన భుజం తడుముకుని, "ఆ చెయ్యి నా కుర్చీ మీద గట్టిగానే ఉంది. పట్టు సడలితే నాకు తెలిసేది. నేను అప్పుడే చెప్పాల్సింది" అన్నాడు. ఏడు వారాలుగా ఆయన నోటికి ఏం అడ్డమొచ్చిందో నేను అడగలేదు.

కర్నల్‌కి క్షమించమని అడగడం చేతకాదు. గుమాస్తా వైపు తిరిగి "రాయి. టిస్‌డేల్ కదల్లేదు అని రాయి" అన్నాడు. రాశాడు. గోడవారగా కూర్చున్న నాన్న లేచి, "ఇంకోసారి చదవండి బాబూ" అన్నాడు. చదివాడు. నాన్న కూర్చున్నాడు. ఆయన మొహం చూడాల్సింది వదినా. ఇంతకాలం ఆ మొహాన్ని నేను సరిగ్గా చూడనే లేదేమో. మళ్ళీ బొమ్మ తీద్దామని, ఈసారి కుర్చీ వేస్తామని ఎవరో అన్నారు. నాన్న వద్దన్నాడు. "నేను నిలబడ్డానుగా. రాసుకున్నారుగా" అన్నాడు.

ఇంటికొచ్చాక మీ తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టాను. మీరు నేర్పినవీ, నాకు తెలిసినవీ, దారిలో కొత్తగా తోచినవీ అన్నీ తిట్టాను. ఆయన సామాను సంచిలో కుక్కి గుమ్మంలో పడేశాను. తలుపు లేదు కాబట్టి పని సులువైంది. నాన్న పొయ్యి దగ్గర కూర్చుని అంతా విన్నాడు. విని, "ఆ సంచి లోపల పెట్టు" అన్నాడు.

"నీ పరువు తీసి ఊరంతా నవ్వించినవాడు, చెప్పాల్సిన పూట రైలెక్కి పోయినవాడు. ఆ మనిషి కోసం నువ్వు చెబుతున్నావా?" అన్నాను.

"యాభై తొమ్మిదేళ్ళుగా నేను పారిపోయానని అందరూ అన్నారమ్మా. ఎన్నాళ్ళకి తిరిగొచ్చావని ఒక్కడూ అడగలేదు. నువ్వూ అడగలేదు. మూడు రోజులు. మొదటి రోజు కాళ్ళే పరిగెడతాయి, మనిషికి ఏమీ తెలీదు. రెండో రోజు తెలుస్తుంది. అప్పుడు వెనక ఎవరూ తరమరు, అయినా తిరగడానికి మొహం చెల్లదు. అదే కష్టమైన రోజు. ఆ రోజు ఎవడైనా ఎదురొచ్చి పిలిస్తే బాగుండునని అనిపించింది. ఎవరూ రాలేదు. లాంబర్ట్‌కి మూడు రోజులివ్వు" అన్నాడు.

ఇవాళ రెండో రోజు వదినా. నాన్న పొద్దున్నే పెట్టెలోంచి కోటు తీసి వేసుకుని స్టేషన్‌కి వెళ్ళాడు. వచ్చే ప్రతి రైలూ చూస్తూ అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. భోజనానికి పిలిస్తే రాలేదు. నేను ఇంకా క్షమించలేదు, అది వేరే సంగతి. నాన్నకి అన్నం అక్కడికే పట్టుకెళుతున్నాను. నేను ఇంట్లోనే తినేశాను, అయినా ఇద్దరికి సరిపడా కట్టాను.

ఓర్ఫా